ఫోటోలో నాలుగో మనిషి

చింతలగరువులో ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో ఊరి కుక్కలకు కూడా తెలుసు. కొత్తవాడు గుమ్మం తొక్కితే మొరుగుతాయి, ఇంటివాడు ఏ వేళప్పుడు వచ్చినా తోక ఊపుతాయి. తెలియనిది ఒక్క ప్రభుత్వానికే. కుక్కల్ని అడిగితే ఒక్క పూటలో తేలిపోయే విషయమే గానీ, ప్రభుత్వం ఫోటోగ్రాఫర్ని పంపింది.

పథకం పేరు సకుటుంబ ఛాయాచిత్ర మహోద్యమం. ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఫోటో దిగాలి. ఆ ఫోటో అచ్చువేసి ఒక కార్డు ఇస్తారు. ఇక మీదట బియ్యం తెచ్చుకోవాలన్నా, పింఛను తీసుకోవాలన్నా, పిల్లల్ని బళ్లో వెయ్యాలన్నా ముందు ఆ కార్డు చూపించాలి.

సత్యవేణికి బియ్యం గురించి బెంగ లేదు. ఆమె బెంగంతా కూతురు లోవకుమారి గురించే. ఆ పిల్ల పదో తరగతి పాసై, ప్రవేశ పరీక్ష రాసి, పట్నంలో ఆడపిల్లల గురుకుల కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఊళ్లో అంతకుముందు ఎవరికీ రాని సీటు అది. చేరేటప్పుడు కుటుంబ కార్డు తీసుకురావాలనీ, తేకపోతే సీటు తరవాతి పిల్లకు ఇచ్చేస్తామనీ కాలేజీవాళ్లు కబురు పెట్టారు. సత్యవేణి తన చిన్నప్పుడు ఏడో తరగతితో ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ చెప్పదు. అడిగితే "బడి దూరం" అని ఊరుకుంటుంది. ఆ దూరం తన కూతురికి అడ్డం రాకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

కుటుంబాల్ని ఫోటోకు ఎలా తయారుచేసుకోవాలో చెప్పడానికి బడి వరండాలో సభ పెట్టారు. మండల ఛాయాచిత్ర సమన్వయాధికారి దక్షిణామూర్తి గారు స్వయంగా విచ్చేశారు. ఆయన వెనక కట్టిన గుడ్డ మీద 'ఛాయాచిత్రమే ప్రమాణం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"మహాజనులారా! ఛాయాచిత్రమనగా కాగితంపై పడిన వెలుగు అని మీరు భ్రమపడుతున్నారు. కాదు. అది కుటుంబ వ్యవస్థ యొక్క అధికారిక స్వరూపం. ఇకపై మీరు ఇంట్లో ఎలా ఉన్నారన్నది అప్రస్తుతం. ఫోటోలో ఎలా ఉన్నారన్నదే ప్రస్తుతం."

తరవాత నియమాలు చదివారు. కుటుంబమంతా ఒకే రంగు బట్టలు కట్టాలి. గళ్లు, చారలు, పువ్వులు పనికిరావు, యంత్రానికి కళ్లు తిరుగుతాయి. చెవులు రెండూ కనిపించాలి. అందరూ నవ్వాలి, కానీ పన్ను కనిపించకూడదు. శాఖవారు దాన్ని 'మితమైన ఆనందం' అంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోటోకు ముందు వారం రోజులపాటు మొగుడూ పెళ్లాలు తగువులాడుకోకూడదు. ఆడితే అది ముఖంలో తేలుతుంది.

"వారం రోజులా? మరి ఏం మాట్టాడుకోవాలండీ?" అంది పాలకేంద్రం సూరమ్మ.

"శాఖాపరంగా దానిపై మార్గదర్శకాలు ఇంకా రాలేదమ్మా," అన్నారు దక్షిణామూర్తి గారు.

ఊళ్లో ఉన్నది ఒకే బట్టల కొట్టు. పువ్వులూ చారలూ లేని గుడ్డ ఏదని చూస్తే, ఎప్పుడో ఏ బడి యూనిఫారాలకో తెప్పించి మిగిలిపోయిన పిస్తా రంగు తానులు అటక మీద ఉన్నాయి. ఊరు ఊరంతా వాటి మీద పడింది. మొగవాళ్లకు చొక్కాలు, పిల్లలకు గౌన్లు, ఆడవాళ్లకు చీరకు చీర పొడవున చింపి ఇచ్చారు. దర్జీ కుట్టు మిషను వేడెక్కి నూనె కక్కింది. వారం తిరిగేసరికి చింతలగరువు మొత్తం పిస్తా రంగులోకి మారిపోయింది. నారుమడి గట్టు మీద నిలబడిన మనిషి నారులో కలిసిపోయి కనిపించడం మానేశాడు. ఒకే రంగు కడితే ఒకే కుటుంబమని నియమం. ఆ లెక్కన చింతలగరువు మొత్తానికి ఒక్క ఫోటో తీస్తే సరిపోయేది.

సత్యవేణి ఇంట్లో బట్టలతో పేచీ రాలేదు. నవ్వుతో వచ్చింది. ఆమె మొగుడు తాతారావుకు నవ్వడం తెలియక కాదు. ఆయన నవ్వితే దవడ పళ్లతో సహా కనిపిస్తాయి, వీధి చివర గేదెలు తలెత్తి చూస్తాయి. పన్ను కనిపించకుండా నవ్వమంటే మాత్రం ముఖం వేపాకు నమిలినట్టు అయ్యేది.

లోవకుమారి ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడింది. "నాన్నా, పెదాలు మూసి, బుగ్గలు మాత్రం పైకి లేపు."

తాతారావు లేపాడు.

"అలా కాదు నాన్నా. అది పన్నునొప్పి."

ఆయన మళ్లీ లేపాడు.

"ఇది కోపం."

"ఏంటే ఇది, నవ్వుకు కూడా ట్యూషనా?" అని తాతారావు అద్దాన్ని పక్కకు తోశాడు. "దీనికంటే మీ అమ్మతో తగువు పెట్టుకోవడం హాయి."

"నేను ఆడనంటే ఆడను," అంది సత్యవేణి, పొయ్యి దగ్గర నుంచి తేనె పూసిన గొంతుతో. "గేదెకు కుడితి పెట్టమని పొద్దున్నుంచి చెబుతున్నానండీ. మీరు పెట్టలేదు. అయినా నాకేం కోపం లేదండీ. పిల్ల కార్డు వచ్చేదాకా నాకు కోపమే రాదండీ."

ఆ 'అండీ'లు వినేసరికి తాతారావు వణికిపోయి తానే లేచి వెళ్లి కుడితి పెట్టాడు. చింతలగరువులో ఆ వారం ఇంటింటా అలాగే గడిచింది. కడుపులో దాచుకున్న తగువులన్నీ ఫోటో అయ్యాక తీర్చుకుందామని జనం లోపల్లోపలే కూడబెట్టుకున్నారు.

ఫోటో రోజు రానే వచ్చింది. బడి వరండాలో నీలం తెర కట్టి, ముందు ఒక చెక్క కుర్చీ వేశారు. ఇంటి పెద్దావిడ కుర్చీలో కూర్చోవాలి, మిగతావాళ్లు వెనక నిలబడాలి. పిస్తా రంగు వరస వీధి మలుపు దాటింది. సత్యవేణి వంతు దగ్గర పడేసరికి ముందర ఏదో గోల మొదలైంది.

గోల చేస్తున్నది మరిడమ్మ. ఊరి చివర పాకలో ఒంటరిగా ఉంటూ గంపలో ఎండుచేపలు పెట్టుకుని అమ్ముకునే ముసలావిడ. మనిషి పిడికెడు, నోరు మాత్రం ఊరికి సరిపడా. ఆవిడా అందరిలాగే పిస్తా రంగు గుడ్డ చుట్టుకుని వచ్చింది.

"ఒక్కర్తెవే వచ్చావేమిటమ్మా? నీ కుటుంబం ఎక్కడ?" అంటున్నారు దక్షిణామూర్తి గారు.

"నేనే బాబూ కుటుంబం. మా ముసలోడు పోయాడు. బిడ్డలు కలగలేదు. ఇంక నేనే."

"ఒక్కరైతే దానిని వ్యక్తి అంటారు. ఇది వ్యక్తుల ఉద్యమం కాదు, కుటుంబాల ఉద్యమం. పక్కకు తప్పుకోండి."

"అయితే నాకు బియ్యం ఎవడిత్తాడు బాబూ?"

"అది మీ వ్యక్తిగత విషయం," అని ఆయన తరవాతి వాళ్లను పిలిచారు.

తరవాతి వాళ్లు సత్యవేణివాళ్లే. తాతారావు తెర ముందు నిలబడ్డాడు. లోవకుమారి పక్కన నిలబడింది. సత్యవేణి కుర్చీలో కూర్చోబోయి, సగంలో ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో! మనం ముగ్గురం!"

వరస వరసంతా ఊపిరి బిగబట్టింది. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. దిగితే ముగ్గురిలో ఒకరికి మూడుతుంది. పెళ్లిళ్లలో ముగ్గురు స్నేహితులు ఫోటో దిగాలంటే భోజనాల దగ్గర నుంచి ఎవడో ఒకణ్ణి ఎంగిలి చేత్తోనైనా లాక్కొచ్చి నిలబెడతారు.

"అవన్నీ మూఢనమ్మకాలే," అన్నాడు తాతారావు. అంటూనే ఒక అడుగు పక్కకు జరిగాడు.

"నేను తియ్యనండి," అన్నాడు ఫోటోగ్రాఫరు, యంత్రం మీద గుడ్డ కప్పేస్తూ. "నాకూ పిల్లలున్నారు."

"ఇదేమి అనాగరికం! నియమావళిలో ముగ్గురి ప్రస్తావనే లేదు. తియ్యవయ్యా," అని గద్దించిన దక్షిణామూర్తి గారు, యంత్రానికీ తెరకూ మధ్యలో ఉన్న తన నీడ కూడా పడకుండా నాలుగు అడుగులు వెనక్కి వేశారు. అక్కడి నుంచి గొంతు తగ్గించి, "ఎవరైనా బంధువులుంటే చూడండమ్మా. తొందరగా," అన్నారు.

సత్యవేణి చుట్టూ చూసింది. అందరూ ఎవరి కుటుంబంతో వాళ్లు కట్టకట్టినట్టు నిలబడి ఉన్నారు. విడిగా ఉన్నది ఒక్క మరిడమ్మే. అరుగు చివర కూర్చుని ప్రభుత్వాన్ని తిడుతోంది.

"పిన్నీ, ఒక్క క్షణం ఇలా రావా? ఊరికే నిలబడితే చాలు. పిల్ల సీటు కోసం."

"నిలబడాలా?" అంది మరిడమ్మ లేస్తూ. "ముసల్దాన్ని నిలబెట్టి, నువ్వు కుర్సీలో కూకుంటావేటి?" వచ్చి కుర్చీలో తాపీగా కూర్చుంది. చెంగు సర్దుకుంది. ఆవిడకు పళ్లు ఎటూ లేవు కనుక, చింతలగరువులో శాఖ కోరిన మితమైన ఆనందాన్ని అచ్చంగా చూపించినది ఆవిడ ఒక్కర్తే. ఫోటోగ్రాఫరు ముచ్చటపడి నొక్కాడు. సరిగ్గా ఆ వెలుగుకు లోవకుమారి కళ్లు మూసింది.

"అమ్మా, నా కళ్లు మూసుకుపోయాయే," అంది ఆ పిల్ల గాబరాగా.

"మళ్లీ తీయుటకు నిబంధన లేదు," అన్నారు దక్షిణామూర్తి గారు. "తరవాత!"

సత్యవేణి మరిడమ్మకు ఇంత మజ్జిగ పోసి, చల్లగా ఉండు పిన్నీ అని పంపేసింది. గండం గడిచిందనుకుంది.

కొన్నాళ్లకు కార్డు వచ్చింది. తాతారావు చదివాడు. ఇంకోసారి చదివాడు. తరవాత మంచం మీద కూర్చుని, అద్దం ముందు వారమంతా దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా నవ్వేశాడు.

కార్డులో ఇంటి యజమానురాలు మరిడమ్మ. కుర్చీలో కూర్చున్న పెద్దావిడే యజమానురాలని నియమం. ఆవిడ కొడుకు తాతారావు. కోడలు సత్యవేణి. మనవరాలు లోవకుమారి.

"నవ్వండి, బాగా నవ్వండి. మీ అమ్మ పోయి ఎన్నాళ్లయింది, ఆవిడ ఆత్మ ఏమనుకుంటుంది?" అని సత్యవేణి అంటూండగానే వాకిట్లో గంప దించిన చప్పుడైంది. గంప వెనక మరిడమ్మ. మరిడమ్మ చంకలో ఒక మూట, చేతిలో ఒక కుండ.

"ఏటే కోడలా, వాకిలి ఊడవలేదేటి ఇయ్యాల?"

"ఏంటి పిన్నీ, మూట?"

"బియ్యానికెల్తే కొట్టువోడు యంత్రం నొక్కి సూసి, నీకు ఇడిగా కార్డు లేదు, నువ్వు తాతారావు ఇంటి పెద్దవి, నీ బియ్యం ఆ ఇంటికే ఎల్తాయన్నాడు. బియ్యం ఎక్కడుంటే నేనూ అక్కడే. తప్పేటి?"

జవాబు కోసం ఆగకుండా మరిడమ్మ లోపలికి వచ్చి, ఇల్లంతా కలయజూసి, గాలి బాగా వచ్చే చోట మూట పెట్టింది. అది సత్యవేణి పడుకునే చోటు.

అదే నెలలో తనిఖీ బృందం వచ్చింది. ఫోటోలో ఉన్న కుటుంబం ఫోటోలో ఉన్నట్టే ఉందో లేదో చూడటం వారి పని. పిస్తా రంగు బట్టలు కట్టించి, ఫోటోలో లాగే వరసగా నిలబెట్టారు. దక్షిణామూర్తి గారు ఒక కన్ను కార్డు మీద, ఒక కన్ను మనుషుల మీద పెట్టారు.

"అమ్మాయి సరిపోలడం లేదు."

"అదేంటండి, మా పిల్లేనండి!" అంది సత్యవేణి.

"ఫోటోలో కళ్లు మూసి ఉన్నాయి. ఇక్కడ తెరిచి ఉన్నాయి. మూయమ్మా."

లోవకుమారి కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు సరిపోయింది," అని ఆయన సంతృప్తిగా సంతకం చేసి వెళ్లారు.

కాలేజీలో చేరే రోజు దగ్గర పడింది. చేరాలంటే కార్డుతో పాటు ఇంటి యజమాని వేలిముద్ర వేసిన అంగీకారం ఉండాలి, దాని మీద దక్షిణామూర్తి గారు సంతకం చెయ్యాలి. సత్యవేణి సిరా పెట్టె తెచ్చి మరిడమ్మ ముందు పెట్టింది.

"పిన్నీ, కాస్త వేలు వెయ్యి."

మరిడమ్మ వేలు చెంగులో దాచుకుంది. "పిన్నేటి? కార్డులో ఏటని రాసుంది?"

"రాయడానికేముంది, నాకు తెలుసు, నీకు తెలుసు..."

"గవర్నమెంటోడికి తెలీదు కదా. పిన్నీ అని పిలిపించుకుని వేలేత్తే రేపు నా మీద కేసెడతారు. అత్తా అను. ఇక్కడ కాదు. కుళాయి కాడ, అందరూ బిందెలెట్టుకుని నిలబడతారే, అప్పుడు."

సత్యవేణికి ఒళ్లు మండిపోయింది. నిజం అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆవిడను అత్తా అని పిలవడానికే నోరు రాక, పక్కకు తిరిగి దగ్గేది. కానీ పిల్ల సీటు. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర ఆడవాళ్లంతా చేరాక, సత్యవేణి బిందె దించి, కళ్లు మూసుకుని, చేదు మందు మింగినట్టు గుటక వేసి, "అత్తా, నీళ్లు తోడి పెట్టాను, స్నానానికి రా!" అని అరిచింది.

కుళాయి కింద బిందెలు నిండి పొర్లిపోయాయి. కట్టేసే దిక్కు లేదు.

"మళ్లీ అను. సూరమ్మకి ఇనపడలేదు," అంది మరిడమ్మ అరుగు మీద నుంచి.

"నాకు వినపడిందే మరిడమ్మా," అంది సూరమ్మ.

"ఇనపడితే నీకేటి, నా కోడలు, నాలుగు సార్లు పిలుత్తాది."

నాలుగు సార్లూ పిలిచింది సత్యవేణి. ఆ రోజు సాయంత్రం మరిడమ్మ వేలు వెయ్యడమే కాదు, దానికి గాలి ఊది ఆరబెట్టింది కూడా. "నా మనవరాలు బాగా సదవాలి. సదివి ముందు ఆ మూర్తిగోరి ఉద్దోగం పీకించాలి," అంది.

ఇక మిగిలింది ఆయన సంతకం. సత్యవేణి, మరిడమ్మ, లోవకుమారి ముగ్గురూ మండలంలో ఛాయాచిత్ర కార్యాలయానికి వెళ్లారు. లోపల పెద్ద బల్ల, దాని వెనక పెద్ద కుర్చీ ఉన్నాయి. కుర్చీలో మనిషి లేడు. దిండుకు ఆనించి ఒక ఫోటో పెట్టి ఉంది. మీసాలాయన, కోటు. వచ్చినవాళ్లంతా ముందు ఆ ఫోటోకు నమస్కారం పెట్టి, తరవాత పక్క బల్ల దగ్గర దక్షిణామూర్తి గారి దగ్గరికి పోతున్నారు.

"పోయారాండీ పాపం?" అంది సత్యవేణి జాలిగా.

"ఎంత మాట! వారు మా ప్రాంతీయాధికారి. శిక్షణ నిమిత్తం రాజధానిలో ఉన్నారు. వారి ఛాయాచిత్రం కుర్చీలో ఉన్నంతవరకు వారు విధుల్లో ఉన్నట్టే లెక్క. ఏం కావాలి?"

సత్యవేణి కాగితం ఇచ్చింది. ఆయన ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ చదివి పెదవి విరిచారు.

"ఈ అమ్మాయి వసతి గృహంలో ఉంటుందా?"

"అవునండి. గురుకులం కదండి."

"అంటే ఇంట్లో ఉండదు. ఫోటోలో నలుగురు, ఇంట్లో ముగ్గురు. కుటుంబం అసంపూర్ణమవుతుంది. అనుమతించుటకు వీలు లేదు."

సత్యవేణి బల్ల దగ్గరకు జరిగింది. "అదేంటండి! చదువుకోవడానికండి. సెలవులకి వస్తుందండి."

"అమ్మా, నియమావళి స్పష్టంగా ఉంది. స్త్రీ సభ్యురాలు కుటుంబ ఛాయాచిత్రం నుంచి వైదొలగుటకు రెండే మార్గాలు. ఒకటి వివాహం, రెండు మరణం. చదువు అనే మార్గం ఇందులో పొందుపరచలేదు."

"అయితే పిల్లకి పెళ్లి సెయ్యమంటావా, సంపమంటావా?" అంది మరిడమ్మ.

"రెండింటికీ విడివిడిగా దరఖాస్తులున్నాయి," అన్నారాయన శాంతంగా. "ఏది కావాలో చెబితే ఇప్పిస్తాను. అయితే వివాహానికి అమ్మాయి వయసు చాలదు."

మరిడమ్మ నోరు తెరిచి, వెతుక్కుని, మళ్లీ మూసుకుంది. ఆవిడకు మాట దొరక్కపోవడం చూసి లోవకుమారికి భయం వేసింది. "పోనీలే అమ్మా, ఊళ్లోనే ఏదో ఒకటి..." అని గొణిగింది. ఆ మాట సత్యవేణి చెవిలో సూదిలా దిగింది. అచ్చం అలాంటి మాటే ఒకనాడు తనూ తన తల్లితో అంది. తల్లి వెంటనే సరేనంది.

సత్యవేణి సరేననలేదు. ఎటు చూడాలో తెలియక పెద్ద కుర్చీ వైపు చూసింది. అప్పుడే ఎవరో రైతు లోపలికి వచ్చి, చెప్పులు బయట విడిచి, కుర్చీలోని మీసాలకు వంగి దణ్ణం పెట్టాడు.

"ఆ దొరగారు ఇప్పుడు ఆఫీసులో ఉన్నట్టేనాండీ?" అంది సత్యవేణి మెల్లగా.

"చెప్పాను కదమ్మా. నిస్సందేహంగా ఉన్నట్టే."

"రాజధానిలో కూడా ఉన్నారాండీ?"

"అక్కడా ఉన్నారు."

"రెండు చోట్లా ఉంటే తప్పు కాదాండీ?"

"తప్పెలా అవుతుంది? అక్కడున్నది మనిషి. ఇక్కడున్నది ప్రమాణం."

"అయితే అయ్యా," అంది సత్యవేణి చేతులు కట్టుకుని, "మా పిల్ల ఫోటో ఒకటి పెద్దది తీయించి ఇంట్లో పెడతాం. ప్రమాణం ఇంట్లోనే ఉంటుంది. మనిషిని మాత్రం కాలేజీకి పంపించుకుంటాం."

దక్షిణామూర్తి గారు ఏదో అనబోయి ఆగారు. కాదంటే కుర్చీలో ఉన్న ఫోటో కూడా కాదవుతుంది. అది కాదైతే ఇన్నాళ్లుగా ఆ ఫోటో సమక్షంలో జరిగిన పనులన్నీ కాకుండా పోతాయి. ఆయన ఒకసారి మీసాల వైపు చూశారు. మీసాలు కదల్లేదు. పై అధికారి అభ్యంతరం చెప్పలేదు కనుక ఆమోదించినట్టే.

"నిలువెత్తు ఉండాలి," అన్నారు చివరికి, కలం తీస్తూ. "తనిఖీకి వచ్చినప్పుడు వరసలో నిలబెట్టాలి."

"నిలబెడతామండి."

"గోడకు చేరేసి నిలబెట్టిత్తాం బాబూ, నువ్వు ఎయ్యి సంతకం," అంది మరిడమ్మ.

లోవకుమారి బస్సెక్కిన రోజున తాతారావు పెట్టె మోశాడు. మరిడమ్మ సీటు కోసం కండక్టరుతో పోట్లాడింది. సత్యవేణి బస్సు కదిలాక కూడా కాసేపు ఆ దుమ్ములోనే నిలబడి, తరవాత "బడి దూరమేం కాదు. బస్సుంది," అంది తనలో తాను.

తరవాతి తనిఖీకి దక్షిణామూర్తి గారు వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. కుర్చీలో మరిడమ్మ, వెనక తాతారావు, సత్యవేణి, వాళ్ల పక్కన చెక్క చట్రంలో, కార్డులో లాగే కళ్లు మూసుకుని, నిలువెత్తు లోవకుమారి. ఆయన కార్డు చూశారు, వరస చూశారు. చట్రం దగ్గరకు వెళ్లి చుట్టూ తిరిగి చూశారు.

"ఏమైనా ఇబ్బంది పెడుతోందా?"

"లేదు బాబూ," అంది మరిడమ్మ. "బువ్వ పెట్టమని అడగదు, కూరలో ఉప్పెక్కువైందని ముకం మాడ్చదు."

ఆయన ముఖం వెలిగింది. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో నియమావళికి ఇంత చక్కగా అమరిన సభ్యురాలు ఆయనకు ఎక్కడా తగల్లేదు. తాతారావు తలమీద వెంట్రుకలు ఫోటోలో కంటే పెరిగాయి, సత్యవేణి చిక్కింది, మరిడమ్మ మాట్లాడుతోంది. ఈ పిల్ల మాత్రం ఎక్కడ ఉంచితే అక్కడ ఉంది.

"చూడండమ్మా," అన్నారాయన చట్రాన్ని తట్టి, "కదలదు. ఎదగదు. ఎదురు చెప్పదు. ఆడపిల్ల అంటే ఇలా ఉండాలి."

"అవునండి," అంది సత్యవేణి. "అందుకే దీన్ని మీ కోసం ఇంట్లో ఉంచి, మా పిల్లని కాలేజీకి పంపించేశాం."

దక్షిణామూర్తి గారు తల పంకించి, 'కుటుంబం చక్కగా సహకరించినది' అని రాసుకుని, పక్కింటికి వెళ్లారు.